ప్రసూతి సెలవు అయ్యాక పోలీసు డ్యూటీ: ఎప్పుడు దిగుతామో తెలియని ఉద్యోగాన్ని ఇంటితో కుదుర్చుకోవడం

మీరు అడిగింది ఇది: బిడ్డకు అయిదో నెల, ఇంకో నెలన్నరలో సెలవు అయిపోతుంది, షిఫ్టులుండే స్టేషన్‌లోనే మళ్లీ చేరాలి, ఆయనదీ షిఫ్టుల ఉద్యోగమే. పాలు మాన్పించకుండా, ఉద్యోగంలో వెనకబడకుండా నెట్టుకురాగలనా అని. తప్పకుండా నెట్టుకురావచ్చు. కానీ ఉద్యోగం చేసే తల్లులందరికీ చెప్పే సలహాలు, టైంటేబుల్ వేసుకోండి, గంట ముందు లేవండి లాంటివి, మీకు పెద్దగా పనికిరావు. పోలీసు డ్యూటీ ఎన్నింటికి ఎక్కాలో తెలుస్తుంది, ఎన్నింటికి దిగుతామో తెలియదు. ఇంట్లో వచ్చే చిక్కుల్లో ఎక్కువ భాగం అక్కడే పుడతాయి. అందుకని రోస్టర్‌లో (డ్యూటీ పట్టికలో) రాసిన రోజుకి కాకుండా, అయిదు గంటలు ఆలస్యంగా ఇల్లు చేరే రోజుకి ఏర్పాట్లు చేసుకోండి. ఆ రోజు గడిచేలా ఉంటే మామూలు రోజు దానంతటదే గడుస్తుంది.

ముందు బిడ్డను చూసుకునేవాళ్ల సంగతి. ఒక్క మనిషి మీద ఆధారపడితే అది ఏర్పాటు అనిపించుకోదు. మూడు వరసలు కావాలి. మొదటి వరస రోజూ చూసుకునే మనిషి లేదా క్రెష్ (పసిపిల్లల్ని పగలు చూసుకునే కేంద్రం). రెండో వరస, అరగంటలో వచ్చి బిడ్డను తీసుకోగలిగినవాళ్లు. మూడో వరస, రాత్రంతా ఉంచుకోగలిగిన ఇల్లు. రెండో వరసను చాలామంది పేరుకే పెట్టుకుంటారు. తీరా అవసరం వచ్చిన రోజున బిడ్డ ఆ మనిషి దగ్గర పాలు ముట్టదు, ఆవిడకు సీసా పట్టడం రాదు, క్రెష్ వాళ్లు అనుమతి పత్రం లేదని బిడ్డను ఇవ్వరు. కాబట్టి డ్యూటీలో చేరకముందే కనీసం నాలుగుసార్లు, ఒక్కోసారి పూటంతా, బిడ్డను వాళ్ల దగ్గర వదలండి, మీరు ఇంట్లో లేకుండా. క్రెష్‌లో వాళ్ల పేరు, గుర్తింపు కార్డు ముందే ఇవ్వండి. ఇంటి తాళం ఒకటి వాళ్ల దగ్గరే ఉండాలి. డాక్టర్ నంబరు, బిడ్డ బరువు, పడని మందులు ఒక కాగితం మీద రాసి బిడ్డ సంచిలోనే పెట్టండి.

ఇక వాళ్లను కదిలించేది ఎలా? ఘటనా స్థలంలో ఉండగా ఫోన్ తీసి బతిమాలుకునే వీలుండదు. అందుకే మీరు చెబితే కదిలే పద్ధతి వద్దు, మీరు చెప్పకపోతే కదిలే పద్ధతి పెట్టుకోండి. డ్యూటీ దిగాల్సిన సమయం దాటి 45 నిమిషాలైనా మీ నుంచి 'బయల్దేరాను' అన్న కబురు రాకపోతే రెండో వరస వాళ్లు ఎవరినీ అడక్కుండా బిడ్డను తీసుకోవాలి. మూడు గంటలు దాటితే మూడో వరస. ఈ ఒక్క నియమం వల్ల ఇంట్లో సగం గొడవలు ఆగిపోతాయి, ఎందుకంటే ఆలస్యమైన ప్రతిసారీ ఎవరో ఒకరు అప్పటికప్పుడు నిర్ణయం తీసుకోవాల్సిన అవసరం పోతుంది.

ఆలస్యాలు ఎక్కడి నుంచి వస్తాయో కూడా చూడాలి. దిగే వేళకు వచ్చే ఫిర్యాదు, ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన నిందితులు, మీ బదులు డ్యూటీ ఎక్కాల్సిన మనిషి (రిలీవర్) రాకపోవడం, మిగిలిపోయిన రాత పని, ఇవి అందరికీ ఉన్నవే. మహిళలకు ఇంకొకటి అదనం. స్త్రీలను సోదా చేయడానికి మహిళా సిబ్బందే ఉండాలన్న నిబంధన చాలా దేశాల్లో ఉంది. బాధితురాలు నోరు విప్పాలన్నా మహిళా అధికారి ఉంటేనే మేలని ఎక్కడైనా ఒప్పుకుంటారు. స్టేషన్‌లో మహిళలు ఇద్దరే ఉంటే అలాంటి ప్రతి కేసూ ఆ ఇద్దరి మీదే పడుతుంది, ఇంటికెళ్లాక కూడా ఫోన్ మోగుతుంది. ఇది సిబ్బంది కొరత. దాన్ని మీ ఓపికతో పూడ్చబోతే ఆరు నెలలకే మీరు అయిపోతారు. చుట్టుపక్కల నాలుగైదు స్టేషన్ల మహిళా సిబ్బందిని కలిపి ఆన్‌కాల్ జాబితా వేయమని అడగండి: ఏ రాత్రికి ఎవరో పేరు రాసి ఉండాలి, ఒక్కొక్కరికి వారానికి ఒకటి లేదా రెండు రాత్రులు, పిలిపించిన మర్నాడు ఆలస్యంగా రావడానికి అనుమతి. ఒక్కరే వెళ్లి అడిగితే అది మినహాయింపు కోరినట్టు కనిపిస్తుంది. నలుగురు కలిసి జాబితా తయారుచేసి తీసుకెళితే అధికారికి పని తగ్గించినట్టే, కాదనడం కష్టం.

చేరడానికి ఆరు వారాల ముందే ఒక లేఖ ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకున్న నకలు దగ్గర పెట్టుకోండి. 'కొంచెం లైట్ డ్యూటీ ఇప్పించండి' అని రాస్తే ఆ మాటకు ఎవరి అర్థం వాళ్లకుంటుంది, చివరికి ఏమీ రాదు. తేదీలు, అంకెలు రాయండి: ఫలానా తేదీ నుంచి 12 వారాలు పగటి షిఫ్ట్ లేదా ఒకే రకం షిఫ్ట్, పాలు తీసుకోవడానికి మూడు గంటలకోసారి 20 నుంచి 25 నిమిషాల విరామం, లోపలి గడియ ఉన్న గది, పాలిచ్చినన్నాళ్లు ఫైరింగ్ రేంజ్ నుంచి మినహాయింపు, బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్‌కు కొత్త కొలతలు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన 183వ ఒప్పందం, పాలిచ్చే తల్లికి రోజులో విరామం లేదా పని గంటల తగ్గింపు ఇవ్వాలని, ఆ సమయాన్ని జీతం ఉన్న పని సమయంగానే లెక్కించాలని చెబుతుంది. మీ దేశం దాన్ని ఆమోదించినా, ఆమోదించకపోయినా, కొలమానంగా లేఖలో ఉదహరించవచ్చు. ముందుగా మీ శాఖ స్టాండింగ్ ఆర్డర్లలో (శాఖలో ఎప్పుడూ అమల్లో ఉండే లిఖిత ఉత్తర్వుల్లో) ఏముందో చదివి, ఉన్న నిబంధన నంబరు వేసి అడగండి. నిబంధన ఉండి కూడా ఎవరూ వాడకుండా పడి ఉన్న సందర్భాలు తక్కువేమీ కాదు.

పాల లెక్క. తల్లిపాల మీదే ఉన్న బిడ్డ ఒకటో నెల నుంచి ఆరో నెల దాకా రోజుకు సుమారు 750 మి.లీ. తాగుతుంది. అంటే మీరు లేని ప్రతి గంటకూ 30 నుంచి 45 మి.లీ. పది గంటలకు 300 నుంచి 450 మి.లీ. ఇది రోస్టర్ రోజు లెక్క. ఆలస్యమయ్యే రోజు కోసం ఇంకో 250 మి.లీ. ఫ్రీజర్‌లో ఎప్పుడూ ఉండాలి, అదీ 60 మి.లీ. చొప్పున చిన్న ప్యాకెట్లలో, తేదీ రాసి. పెద్ద ప్యాకెట్ కరిగిస్తే బిడ్డ సగం వదిలేస్తుంది, మిగిలింది పారబోయాలి. తీసిన పాలు 25 డిగ్రీల గదిలో 4 గంటలు నిలుస్తాయి, ఎండల్లో అంతసేపు నమ్మొద్దు. ఐస్ ప్యాక్‌లు పెట్టిన కూలర్ సంచిలో 24 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు, ఫ్రీజర్‌లో 6 నెలల వరకు మంచివి. ఫ్రిజ్‌లో కరిగిస్తే, పూర్తిగా కరిగాక 24 గంటల్లో వాడేయాలి, మళ్లీ గడ్డకట్టించకూడదు. మైక్రోవేవ్‌లో వేడి చేయొద్దు. అక్కడక్కడా మరిగిపోయి బిడ్డ నోరు కాలుతుంది. స్టేషన్ ఫ్రిజ్‌లో సాక్ష్యాధారాల నమూనాలు పెట్టే అలవాటు ఉంటే ఆ ఫ్రిజ్ జోలికే వెళ్లకండి, కూలర్ సంచి చాలు.

పంపు ఉన్నా సరే, చేత్తో పాలు పిండడం నేర్చుకోండి. బందోబస్తులో, వాహనంలో, కరెంటు లేని చోట రెండు మూడు నిమిషాలు పిండితే రొమ్ము బరువు దిగుతుంది. తొలి నెలల్లో అయిదారు గంటలు తీయకుండా ఉంటే ఆ రోజు గడ్డకట్టి నొప్పి పుడుతుంది, రోజూ అలాగే జరిగితే పాలు తగ్గిపోతాయి. పాలు తీసేటప్పుడు రెండు చేతులూ పనిలో ఉంటాయి కాబట్టి ఆయుధం నడుముకు ఉంచుకోకండి, లాకర్‌లో పెట్టి తాళం వేయండి.

బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ గురించి ఎవరూ చెప్పని సంగతి ఒకటి ఉంది. మగవాళ్ల ఛాతీ కొలతకు చేసిన చదును పలక పాలున్న రొమ్మును గంటల తరబడి నొక్కుతుంది. పాల నాళాలు మూసుకుపోతాయి, గడ్డలా తగులుతుంది, నిర్లక్ష్యం చేస్తే చీము దాకా వెళుతుంది. ప్రసవం తర్వాత కొలత మారిపోయిన పాత జాకెట్ అయితే చంకల కింద సందు కూడా పెరుగుతుంది, అంటే రక్షణా తగ్గుతుంది. కాబట్టి మారిన కొలతలు ఇచ్చి మహిళల ఆకృతికి వంపు తిప్పిన జాకెట్ అడగండి, వచ్చేదాకా పక్క పట్టీలు మళ్లీ సరిచేయించుకోండి. బిగుతు తీరుతుందని జాకెట్టే తీసేసి డ్యూటీ చేయడం మాత్రం వద్దు. తొడిగే ముందు ఒకసారి, విప్పగానే ఒకసారి పాలు తీయండి. లోపల గట్టి స్పోర్ట్స్ బ్రా వేయకండి. రొమ్ము ఒకచోట ఎర్రబడి, వేడిగా ఉండి, జ్వరం 38.5 డిగ్రీల సెల్సియస్ (సుమారు 101 ఫారెన్‌హీట్) దాటితే ఆ రోజే డాక్టర్‌కు చూపించుకోండి. ఆ మంటలో కూడా బిడ్డకు పాలివ్వడం మానక్కర్లేదు, మానితే ఇంకా గడ్డకడుతుంది.

రేంజ్ నుంచి మినహాయింపు ఎందుకు అడగమన్నానంటే, సీసం. తూటా ప్రైమర్ (మందును అంటించే చిన్న భాగం) నుంచి, తూటా నుంచి లేచే సీసపు ధూళి ఊపిరితో, చేతుల మీదుగా ఒంట్లోకి వెళుతుంది, కొంత పాలలోకి వస్తుంది. అంతకన్నా తేలిగ్గా యూనిఫాం, బూట్ల మీద ఇంటికి చేరి, నేల మీద పాకే బిడ్డ చేతికి అంటుతుంది. గాలి ఆడని ఇండోర్ రేంజ్ అన్నిటికన్నా చెడ్డది. ఆయుధాలు తుడవడం కూడా రేంజ్ పనితో సమానమే. కాల్పుల అర్హత పరీక్ష గడువు తప్పదనుకుంటే తేదీ వాయిదా వేయించండి. కుదరకపోతే సీసం లేని తూటాలతో ఆరుబయట రేంజ్‌లో చేయండి, అయ్యాక చల్లటి నీళ్లు, సబ్బుతో ముఖం చేతులు కడిగి, బట్టలు బూట్లు అక్కడే మార్చి, ఆ జత వేరుగా ఉతకండి. రేంజ్‌లో పని చేసే పోస్టింగ్ అయితే రక్తంలో సీసం పరీక్ష చేయించుకోవడం మంచిది. మళ్లీ గర్భం వచ్చినప్పుడు సీసంతో పాటు శబ్దం కూడా లెక్కలోకి వస్తుంది. చెవి కప్పులు మీ చెవులనే కాపాడతాయి, కడుపులో బిడ్డను కాదు, సుమారు ఇరవయ్యో వారం నుంచి బిడ్డకు వినికిడి మొదలవుతుంది.

నిద్ర విషయంలో కాస్త కఠినంగా చెబుతాను. 1997లో వచ్చిన ఒక ప్రసిద్ధ పరిశోధన ప్రకారం వరసగా 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషితో సమానంగా పడిపోతుంది. 24 గంటలైతే దాదాపు 0.10 శాతంతో సమానం. పగలంతా బిడ్డతో ఉండి రాత్రి డ్యూటీకెక్కి తెల్లారి బండి నడుపుతూ ఇంటికొచ్చే తల్లి సరిగ్గా అక్కడే ఉంటుంది. రాత్రి డ్యూటీ ఉన్న రోజు సాయంత్రం 90 నిమిషాలు పడుకోవడం ఇష్టాయిష్టాల మీద వదిలేసే విషయం కాదు. అధికారి అనుమతిస్తే షిఫ్ట్ మధ్యలో 20 నిమిషాల కునుకు. లేచాక పావుగంట నుంచి అరగంట మత్తు ఉంటుంది, ఆ వెంటనే స్టీరింగ్ పట్టొద్దు. తెల్లవారుజామున 3 నుంచి 5 మధ్య ఒంటికి అన్నిటికన్నా గడ్డు సమయం, సంతకాలు, ఆయుధాల లెక్కలు ఆ వేళకు పెట్టుకోకండి. కాఫీ టీలు షిఫ్ట్ మొదటి సగంలోనే తాగండి, పడుకునే సమయానికి ఆరు గంటల ముందు ఆపేయండి. పాలిచ్చే తల్లికి రోజుకు 300 మిల్లీగ్రాముల లోపు కెఫీన్ అయితే సాధారణంగా ఫర్వాలేదు.

తెల్లారి ఇల్లు చేరాక మీకు నాలుగైదు గంటలు ఒకే విడతగా కావాలి, సాయంత్రం ఇంకో గంటన్నర. ఆ నాలుగైదు గంటలూ బిడ్డ వేరే గదిలో కాదు, వీలైతే వేరే ఇంట్లో ఉండాలి. ఏడుపు వినబడితే తల్లి నిద్రపోదు. ఇంటికి రాగానే పాలిచ్చి బిడ్డను ఇచ్చేయండి. ఇక్కడ ఒక్క ప్రమాదం మరీ ముఖ్యం: రాత్రి డ్యూటీ చేసి వచ్చి సోఫాలో కూర్చుని పాలిస్తూ నిద్రలోకి జారడం. సోఫా దిండ్ల సందులో బిడ్డకు ఊపిరాడక ప్రాణం పోయే అపాయం చాలా ఎక్కువ. ఆ పూట పాలు పట్టేటప్పుడు పక్కన మెలకువగా మరో పెద్ద మనిషి ఉండాలి, లేదంటే సీసాతో వాళ్లనే పట్టమనండి.

షిఫ్టులు తప్పవంటే ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అన్న వరసలో ముందుకు జరిగేలా అడగండి, వెనక్కి జరిగే వరస ఒంటికి కష్టం. రెండు షిఫ్టుల మధ్య కనీసం 11 గంటల ఎడం ఉండాలని యూరప్ నిబంధనలు 1993 నుంచే చెబుతున్నాయి, అడగడానికి అదొక మంచి అంకె. ఆ 11 గంటల్లో ప్రయాణం, పాలు, స్నానం పోను నిద్రకు ఎంత మిగులుతుందో కాగితం మీద వేసి చూపిస్తే అధికారికి వెంటనే అర్థమవుతుంది.

దిగే వేళను కొంతవరకు మీ చేతిలోకి తెచ్చుకునే మార్గం రాత పనిలో ఉంది. వాంగ్మూలం అక్కడికక్కడే రాయండి, డైరీని షిఫ్ట్ చివరికి వదలొద్దు. చివరి గంటలో అత్యవసరం కాని కొత్త విచారణ మొదలుపెట్టకండి. అప్పగించాల్సి వస్తే నాలుగు వాక్యాలు రాయండి: ఏం అయింది, ఏం మిగిలింది, దేనికి ఎన్ని గంటల గడువుంది, ఎవరికి ఫోన్ చేయాలి. నోటిమాటగా అప్పగిస్తే అర్ధరాత్రి ఫోన్ వచ్చేది మీకే. కోర్టు తేదీల్లో అందరూ పడే చిక్కు రాత్రి డ్యూటీ దిగిన ఉదయమే సాక్ష్యం ఉండటం. సమన్లు అందిన రోజే రోస్టర్ రాసేవారికి తేదీ ఇచ్చి, ముందు రాత్రి మార్పించుకోండి.

ఇంట్లోకి వచ్చే ముందు ఇరవై నిమిషాలు మీకోసం ఉంచుకోండి, యూనిఫాం స్టేషన్‌లోనే మార్చుకుంటే ఇంకా మంచిది. డ్యూటీలో గంటల తరబడి అప్రమత్తంగా ఉన్న ఒళ్లు ఇంటికి రాగానే ఒక్కసారిగా చప్పబడుతుంది, మాట్లాడాలనిపించదు. ఇంట్లోవాళ్లు దాన్ని కోపం అనుకుంటారు. ఇది ఒంటి తీరు అని వాళ్లకు ముందే చెప్పి ఉంచండి. ఆయనదీ షిఫ్టుల ఉద్యోగం కాబట్టి ఇద్దరూ ఎదురెదురు షిఫ్టులు వేయించుకుంటే బిడ్డకు ఎప్పుడూ ఒకరు ఉంటారు అనిపిస్తుంది. రెండు నెలలు బాగానే ఉంటుంది. తర్వాత ఇద్దరూ గుమ్మంలో బిడ్డను చేతులు మార్చుకునే మనుషులుగా మిగులుతారు. 14 రోజుల్లో కనీసం ఒక్క సెలవైనా ఇద్దరికీ కలిసేలా రోస్టర్‌లోనే రాయించుకోండి. పనులు పంచుకునేటప్పుడు చేయడమే కాదు, గుర్తుపెట్టుకోవడం కూడా పంచుకోండి: టీకా తేదీ ఆయనదంటే డాక్టర్ అపాయింట్‌మెంట్ దగ్గర్నుంచి అంతా ఆయనదే.

ఒంటి గురించి క్లుప్తంగా. పరుగు, దూకడం లాంటి శిక్షణ ప్రసవమైన 12 వారాలకు ముందు వద్దు, ఆ తర్వాత కూడా మూత్రం కారడం, పొత్తికడుపు బరువు ఉంటే ఫిజియోథెరపిస్ట్‌కు చూపించాకే. సిజేరియన్ అయినవాళ్లకు డ్యూటీ బెల్టు కుట్ల మీద రాసుకుంటుంది. సామాన్లు కొన్ని భుజాల మీద మోసే వెస్ట్‌కు మారిస్తే నడుముకూ హాయి.

మనసు సంగతి అంత క్లుప్తంగా వదలలేను. దిగులు, ఏడుపు, బిడ్డ మీద ఏమీ అనిపించకపోవడం, అవకాశం ఉన్నా నిద్ర పట్టకపోవడం రెండు వారాలు దాటితే అది అలసట కాకపోవచ్చు, ప్రసవానంతర కుంగుబాటు కావచ్చు. ఎడిన్‌బరో ప్రశ్నావళి అని పది ప్రశ్నలది ఉంటుంది, 30కి 10 లేదా పైన వస్తే డాక్టర్‌తో మాట్లాడండి, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించిన పదో ప్రశ్నకు 'ఎప్పుడూ లేదు' కాక వేరే జవాబు వస్తే మొత్తం ఎంతొచ్చినా ఆ రోజే వెళ్లండి. ఈ దశలో ఆయుధం ఇంటికి తేకండి. స్టేషన్ ఆయుధాగారంలో జమ చేయడానికి కారణం చెప్పాల్సి వస్తే 'ఇంట్లో చిన్నబిడ్డ' అంటే చాలు. కుంగుబాటు లేకపోయినా, బిడ్డ పాకడం మొదలుపెట్టకముందే ఆయుధం ఖాళీ చేసి తాళంలో, తూటాలు వేరే తాళంలో పెట్టే అలవాటు చేసుకోండి.

చివరగా, ఉద్యోగంలో వెనకబడటం గురించి. బిడ్డ తల్లి కదా అని మంచి మనసుతోనే మిమ్మల్ని రికార్డుల గదికో రిసెప్షన్‌కో పంపుతారు. కొన్నాళ్లకు అది మంచిదే, నేనైతే తీసుకోమనే అంటాను. కానీ ముగింపు తేదీ లేని ఉత్తర్వు తీసుకోకండి. ఏళ్లు గడిచాక పదోన్నతి వేళ 'దర్యాప్తు అనుభవం లేదు' అన్న మాట అక్కడి నుంచే వస్తుంది. 'ఫలానా తేదీ వరకు, ఆ తర్వాత పాత విధుల్లోకి' అని ఉత్తర్వులోనే రాయించుకోండి. డెస్క్‌లో ఉన్నన్నాళ్లూ రెండు మూడు కేసుల దర్యాప్తు పేపర్ల పని మీ పేరు మీద ఉంచమనండి. సెలవులో ఉన్న కాలానికి మీ పనితీరు వార్షిక నివేదిక ఎలా రాశారో చేరిన మొదటి నెలలోనే అడిగి చూడండి. సెలవును తక్కువ పనితీరుగా రాసి ఉంటే అభ్యంతరం తెలపడానికి గడువు ఉంటుంది, అది దాటకముందే రాతపూర్వకంగా ఇవ్వండి. పన్నెండు వారాల పగటి షిఫ్ట్ అడిగారు కదా, పదో వారంలోనే రెండో లేఖ పెట్టండి: ఏది కుదిరింది, ఏది కుదరలేదు, ఏది ఇంకెన్ని వారాలు కావాలి, ఏది ఇక అక్కర్లేదు. ఈ చివరి అంశం రాయకుండా వదలకండి, అక్కర్లేనిది వదులుకున్నవాళ్లు అడిగేది అధికారి తేలిగ్గా నమ్ముతాడు.